1971 యుద్ధం: కోటి మంది శరణార్థులు, 93 వేల మంది ఖైదీలు. ఈ సాయమంతా ఎవరు, ఎలా నడిపారు?

తుంగభద్ర అడిగారు:

తూర్పు పాకిస్తాన్ బంగ్లాదేశ్‌గా విడిపోయిన 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధం గురించి తెలుగులో ఏది తిరగేసినా కథ డిసెంబరు 16న ఢాకా రేసుకోర్సులో లొంగుబాటు పత్రం మీద సంతకం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఏం జరిగిందన్నది ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. నాకు కావలసింది ఆ తర్వాతి సంగతి, దానికి ముందు తొమ్మిది నెలలు శిబిరాలు నడిచిన సంగతి.

సూటిగా మూడు ప్రశ్నలు. ఒకటి, తూర్పు పాకిస్తాన్ నుంచి మన దేశానికి వచ్చిన కోటి మందికి తిండి, నీళ్లు, మందులు అందించడంలో ఐక్యరాజ్యసమితి పాత్ర ఎంత, మన ప్రభుత్వం పాత్ర ఎంత? "ఫోకల్ పాయింట్" అనే మాట పదే పదే కనిపిస్తోంది, అదేమిటి? రెండు, శరణార్థులు మూడు నెలల్లో ఇళ్లకు వెళ్లిపోతే, లొంగిపోయిన పాకిస్తానీ ఖైదీలు వెళ్లడానికి రెండేళ్లకు పైగా ఎందుకు పట్టింది? రైళ్లు, విమానాలు దొరక్కా, ఇంకేదైనానా? మూడు, ఇలాంటి పనిలో నిజంగా ఎక్కడ దెబ్బ తింటారు? అంకెలతో చెప్పగలిగితే మరీ మేలు.

---

దస్త్రం రాశారు:

తుంగభద్ర గారూ, ముందు ఒక ముడి విప్పుకుందాం. దేశం దాటి వచ్చిన శరణార్థి వేరు, పట్టుబడిన యుద్ధఖైదీ వేరు, యుద్ధం వల్ల పరాయి దేశమైపోయిన చోట చిక్కుకుపోయిన పౌరుడు వేరు. శరణార్థిని చూసుకోవలసింది ఐక్యరాజ్యసమితి శరణార్థి హైకమిషనర్ కార్యాలయం, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్. ఖైదీ దగ్గరకు వెళ్లే హక్కు ఉన్నది జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి, అంటే ఐసీఆర్‌సీకి. మూడోవాడికి స్పష్టమైన దిక్కంటూ లేదు. 1971 తర్వాత అందరికన్నా ఎక్కువ కాలం నలిగిపోయింది ఆ మూడోవాడే.

ఇక ఫోకల్ పాయింట్. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైనిక చర్య మొదలైంది. నెల తిరగకుండానే సరిహద్దు జిల్లాలు నిండిపోయాయి. ఏప్రిల్ 23న భారత్ ఐక్యరాజ్యసమితిని సాయం అడిగింది. ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ ఏప్రిల్ 29న హైకమిషనర్ సద్రుద్దీన్ ఆగా ఖాన్ కార్యాలయాన్ని ఫోకల్ పాయింట్‌గా పెట్టారు. మే 19న ప్రపంచ దేశాలకు విజ్ఞప్తి వెళ్లింది. ఐక్యరాజ్యసమితి సంస్థలన్నిటికీ కలిపి ఒక్క కార్యాలయాన్ని ఇలా ముందు నిలపడం అదే మొదటిసారి. దాని పని శిబిరాలు నడపడం కాదు. ప్రపంచ ఆహార కార్యక్రమం, యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ తలా ఒక దారిలో పోకుండా, దాతలు ఇచ్చేదాన్నీ భారత్ అడిగేదాన్నీ ఒక్క చోట జతచేయడం. జెనీవాలో ఈ సంస్థలన్నీ కూర్చునే ఒక సంప్రదింపుల విభాగం. ఢిల్లీలో మన మంత్రిత్వ శాఖలు, ఇండియన్ రెడ్‌క్రాస్, ఫోకల్ పాయింట్ మనుషులు కలిసి కూర్చునే కేంద్ర సమన్వయ సంఘం.

శిబిరాల్లో అసలు పని చేసింది మాత్రం మనవాళ్లే. కేంద్ర కార్మిక, పునరావాస మంత్రిత్వ శాఖ కలకత్తాలో ఒక శాఖా సచివాలయం తెరిచింది, దానికి కల్నల్ పి.ఎన్. లూథ్రా పెద్ద. రాష్ట్ర ప్రభుత్వాలు, రామకృష్ణ మిషన్, భారత్ సేవాశ్రమ్ సంఘ లాంటి సంస్థలు, వాటి పక్కన ఆక్స్‌ఫామ్, కారిటాస్ వంటి విదేశీ స్వచ్ఛంద సంస్థలు నేల మీద నిలబడ్డాయి. భారత్ 1951 నాటి శరణార్థి ఒడంబడికలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వీళ్లు తిరిగి వెళ్లి తీరాలి, ఇక్కడ స్థిరపడే మాట లేదన్నది మొదటి రోజు నుంచీ మన వైఖరి. అందుకే శాశ్వతమైన కట్టడాల జోలికి పోకుండా వెదురు, తాటాకు, టార్పాలిన్‌తోనే సరిపెట్టారు. కలకత్తా పక్కన సాల్ట్ లేక్ దగ్గర అవి కూడా చాలక మురుగునీటి కోసం తెచ్చి పడేసిన సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి.

డిసెంబరు నాటి లెక్క ఇది: మొత్తం 98,99,305 మంది, 825 శిబిరాలు. పశ్చిమ బెంగాల్‌లో 492 శిబిరాలు, త్రిపురలో 276. శిబిరాల్లో ఉన్నది సుమారు 68 లక్షలు, బంధువుల ఇళ్లలోనో తెలిసినవాళ్ల పంచనో తలదాచుకున్నది 31 లక్షలు. త్రిపుర సంగతి ఒక్కసారి ఊహించుకోండి. ఆ రాష్ట్రం మొత్తం జనాభాయే 15 లక్షల పైచిలుకు, వచ్చిపడినవాళ్లు 14 లక్షలు. ఉన్న ప్రతి మనిషికీ దాదాపు ఒక అతిథి. అగర్తలాకు సరుకు చేర్చాలంటే తూర్పు పాకిస్తాన్ చుట్టూ తిరిగి, సిలిగురి సన్నదారి మీదుగా అస్సాం లోపలికి వెళ్లి, మళ్లీ కిందికి దిగాలి. విదేశాల్లో గోదాములు నిండి ఉన్నా త్రిపురలో బియ్యం అయిపోవడానికి కారణం ఆ దారి.

డబ్బు సంగతి. విదేశీ సాయం వచ్చిన మాట నిజమే, కానీ ఖర్చులో ఎక్కువ భాగం భారత ఖజానా మీదే పడింది. నవంబరు 15 నుంచి దేశంలో పోస్టు చేసే ఉత్తరాల మీద 5 పైసల శరణార్థి సహాయ పన్ను వేశారు. కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న 5 పైసల బిళ్ల మీదనే "రెఫ్యూజీ రిలీఫ్" అని అచ్చుకొట్టి హడావుడిగా వదిలారు. అవి చేరని ఊళ్లలో పోస్టాఫీసులవాళ్లే రబ్బరు ముద్ర చేయించుకుని మామూలు బిళ్లల మీద కొట్టారు. కర్నూలు నుంచి గుంటూరుకు కవరు వేసినా ఆ ఐదు పైసలు కట్టాల్సిందే. మీ ఇళ్లలో 1972 నాటి కవర్లు ఉంటే తీసి చూడండి, అసలు బిళ్ల పక్కన ఆ చిన్న ఎర్ర బిళ్ల కనిపిస్తుంది.

---

మంచినీళ్ల లెక్క రాశారు:

మూడో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. శిబిరం అనగానే అందరికీ బియ్యం గుర్తొస్తుంది. కానీ మొదటి నెలలో మనుషుల్ని చంపేది ఆకలి కాదు, నీళ్లు.

ఇప్పుడు అందరూ పాటించే కనీస ప్రమాణాలతో లక్ష మంది శిబిరానికి లెక్క వేద్దాం. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు. అంటే 15 లక్షల లీటర్లు, 10 వేల లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు 150 ట్రిప్పులు. 250 మందికో కుళాయి చొప్పున 400 కుళాయిలు. 20 మందికో మరుగుదొడ్డి చొప్పున 5 వేలు. మొదటి వారాల్లో 50 మందికి ఒకటితో సర్దుకుంటారు, అలాగైనా 2 వేలు తవ్వాలి. తలకు మూడున్నర చదరపు మీటర్ల నీడ. తిండి 2,100 కేలరీలు. దాన్ని సరుకులోకి మారిస్తే తలకు బియ్యమో గోధుమలో 400 గ్రాములు, పప్పు 60, నూనె 25, ఉప్పు 5, పైన పిల్లలకు బలం పిండి. లక్ష మందికి రోజుకు 40 టన్నుల ధాన్యం, 6 టన్నుల పప్పు, రెండున్నర టన్నుల నూనె. ఇదే లెక్కన 1971 శిబిరాల్లోని 68 లక్షల మందికి రోజుకు 2,720 టన్నుల ధాన్యం కావాలి. పది టన్నుల లారీలు 272, ప్రతిరోజూ, వానాకాలంలో.

క్లోరిన్ దగ్గర జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. 15 లక్షల లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే 3 కిలోల క్లోరిన్. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది గనక 9 కిలోలు సరిపోవాలి. కానీ ఎండలో, తేమలో మూతి విప్పి ఉంచిన డ్రమ్ములో ఆ బలం వారాల్లో సగానికి పడిపోతుంది. కొలత తప్పలేదు, పౌడర్ వేశారు, అయినా నీళ్లు శుద్ధి కాలేదు. అందుకే వేసిన అరగంటకు కుళాయి దగ్గర పట్టి చూడాలి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి కనిపిస్తేనే ఆ నీళ్లు తాగించాలి. డ్రమ్ము దగ్గర లెక్కతో సరిపెట్టుకునే శిబిరంలో రోగం తప్పదు.

ఇక 1971 జూన్, పశ్చిమ బెంగాల్ సరిహద్దు ఊరు బనగావ్. కలరా విరుచుకుపడింది. ఆసుపత్రిలో 16 మంచాలున్న రెండు గదులు, నేల మీద జనం. బాగా ముదిరిన కలరాకు నరంలోకి సెలైన్ ఎక్కించాలి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు, మొదటి అరగంటలో 30, తర్వాతి రెండున్నర గంటల్లో 70. 50 కిలోల మనిషికి మూడు గంటల్లో 5 లీటర్లు. వెయ్యి మంది వస్తే 5 వేల లీటర్లు, అందుకు తగ్గ గాజు సీసాలు, సూదులు, వాటిని పెట్టగల చేతులు. ఇవేవీ సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం సెలైన్‌ను ముదిరినవాళ్లకు ఉంచి, మిగతావాళ్లకు తాగించే ద్రావణం మొదలుపెట్టింది. లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు. కలకత్తాలో తూకం వేసి ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో మూతి అతికించి, బనగావ్‌కు పంపేవారు. అక్కడ డ్రమ్ముల్లో కలిపి, కుళాయి తిప్పి కప్పుల్లో పట్టి, రోగి పక్కనున్న తల్లికో చెల్లికో ఇచ్చి తాగించమనేవారు. నర్సులు లేని లోటు అలా తీరింది. అంతకు ముందు నూటికి 30 మంది దాకా పోతుండగా, ఈ పద్ధతి మొదలయ్యాక 3.6కు దిగింది.

ఆ మిశ్రమం ఇప్పుడు మారింది. ఈనాటి ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. వంటసోడా ఎందుకు పోయిందంటే, ఉక్క వాతావరణంలో అది గ్లూకోజుతో కలిసి పొట్లంలోనే గోధుమరంగుకు తిరిగి గడ్డకడుతుంది. సిట్రేట్ నిలవుంటుంది. ఇప్పటికీ జరిగే తప్పు వేరే: లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలపడం. ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రాణం మీదికొస్తుంది. పొట్లాలు పంచేవాడు వాటితోపాటు లీటరు గుర్తు ఉన్న సీసా కూడా పంచాలి. ఆ సీసా సరుకుల జాబితాలోంచి జారిపోతూ ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పకుండా ఉండలేను. బంగ్లాదేశ్ ప్రాంతంలో 1970 ఆగస్టు నాటికి మశూచి ఆగిపోయింది. 1971 చివర్లో సాల్ట్ లేక్ శిబిరంలో వచ్చిన మశూచిని ఆటలమ్మ అనుకున్నారు. జనవరిలో జనం ఇళ్లకు కదిలారు, రోగం వాళ్లతోపాటు దేశమంతా పాకింది. దాన్ని మళ్లీ వదిలించడానికి 1975 దాకా పట్టింది. మశూచిలో ఎక్కువమందిని చంపే రకంలో ప్రపంచంలోనే చివరి కేసు 1975 అక్టోబరులో బంగ్లాదేశ్‌లోని భోలా ద్వీపంలో తేలింది. పంపించే రోజున శిబిరం గేటు దగ్గర పొక్కులు గుర్తుపట్టగల మనిషి ఒకడు నిలబడి ఉంటే ఎన్ని వేల ప్రాణాలు దక్కేవో.

---

తుంగభద్ర రాశారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మశూచి సంగతి ఎక్కడా చదవలేదు. తిరుగు ప్రయాణం మూడు నెలల్లో ఎలా అయింది మరి? ఖైదీల సంగతి కూడా ఎవరైనా అందుకోండి.

---

దస్త్రం రాశారు:

తిరుగు ప్రయాణం గురించి రెండు ముక్కలు. 1972 జనవరి 1 నుంచి అది ఒక పద్ధతిగా మొదలైంది. ఆ నెలలో ఒక్కోరోజు 2 లక్షల 10 వేల మంది దాకా సరిహద్దు దాటారు. మార్చి 25 నాటికి భారత్‌లో మిగిలింది సుమారు 60 వేలే. చాలామంది నడిచో, ఎడ్లబండ్లు, రిక్షాల మీదో పోయారు. కొందరు రైళ్లలో, లారీల్లో. దారి తిండితోపాటు రెండు వారాల రేషన్ ఇచ్చి పంపారు. ఈ రెండు వారాలన్నది కాగితం మీద చిన్న మాట. తలకు 400 గ్రాముల లెక్కన ఐదుగురి ఇంటికి రెండు వారాల ధాన్యం 28 కిలోలు. చంకలో పిల్ల, నెత్తిన మూట, దాని మీద ఇంకో 28 కిలోలు! అవతలి వైపు దారి మజిలీ శిబిరాలు ఎందుకు అవసరమయ్యాయో ఇందులోనే ఉంది. ఇవ్వాల్సిన సరుకు ఇంటికి దగ్గర్లో ఇవ్వాలి, బయలుదేరే చోట కాదు.

అవతల పరిస్థితి మరీ దారుణం. పద్మా నది మీద హార్డింజ్ వంతెన తెగిపోయింది, 1972 అక్టోబరు దాకా రైలు నడవలేదు. చిట్టగాంగ్ రేవు నిండా మందుపాతరలు, మునిగిన ఓడలు. వాటిని తీయడానికి సోవియట్ నౌకాదళం వచ్చి 1974 దాకా పనిచేసింది. పెద్ద ఓడ రేవులోకి రాలేదు గనక నడిసంద్రంలో నిలిపి, చిన్న ఓడల్లోకి ధాన్యం దించి, నదుల మీదుగా లోపలికి చేర్చారు. ఢాకాలో ఈ పని చూసిన ఐక్యరాజ్యసమితి విభాగం పేరు యూఎన్‌రాడ్. శరణార్థి ఇల్లు చేరాడంటే సాయం ముగిసినట్టు కాదు, సాయం చేసే కార్యాలయం మారినట్టు. ఒక కార్యాలయం లెక్క మూసి ఇంకోటి తెరిచే లోపు పడే సందులో జనం పస్తులుంటారు.

---

పదిహేను సెంటీమీటర్ల కార్డు రాశారు:

ఖైదీల సంగతి నేను చెబుతాను. కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మొదట అంకె సరిచేసుకోవాలి. "93 వేల మంది సైనికులు" అని అందరూ రాసేస్తారు. ఆ 93 వేలల్లో సైన్యం, పారామిలిటరీ, పోలీసులతోపాటు వేల సంఖ్యలో పౌరులు, కుటుంబాలు ఉన్నాయి. ఇది మాటల పట్టింపు కాదు. యుద్ధంలో చిక్కినవాళ్లను ఎలా చూడాలో చెప్పే జెనీవా ఒడంబడికల్లో సైనికుడికి మూడోది, పౌర నిర్బంధితుడికి నాలుగోది. కార్డు వేరు, హక్కులు వేరు, ఆడవాళ్లకూ పిల్లలకూ ఏర్పాట్లు వేరు.

ఖైదీకి జరిగే సాయంలో అన్నిటికన్నా ముందుది తిండి కాదు, పేరు నమోదు. పట్టుబడినవాడు శిబిరానికి చేరిన వారంలోపు ఒక కార్డు నింపే అవకాశం ఇవ్వాలి. అది మూడో ఒడంబడిక 70వ అధికరణం. కార్డు నమూనా ఆ ఒడంబడిక అనుబంధంలోనే ఉంది: 15 సెంటీమీటర్ల పొడవు, పదిన్నర వెడల్పు. ఏ దేశం, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు, హోదా, సైనిక నంబరు, దగ్గరి బంధువు చిరునామా, పట్టుబడిన రోజు. ఆ కింద వరసగా "ఆరోగ్యంగా ఉన్నాను, గాయం లేదు, కోలుకున్నాను, జబ్బుగా ఉన్నాను, కొద్దిపాటి గాయం, తీవ్ర గాయం" అని అచ్చయి ఉంటుంది, వర్తించనివి కొట్టేయాలి. ఇంకేమీ రాయకూడదు. ఒక కార్డు నేరుగా ఇంటికి, ఒకటి జెనీవాలోని కేంద్ర ఏజెన్సీకి. అది కాక పట్టుకున్న దేశం తన సమాచార కార్యాలయం ద్వారా జాబితా పంపాలి, అది 122వ అధికరణం. మూడు దారులు ఎందుకంటే, ఒకటి తప్పినా ఇంకోటి చేరుతుందని. కార్డు జెనీవా చేరిందంటే ఆ మనిషిని మాయం చేయడం కష్టం. 15 సెంటీమీటర్ల అట్టముక్కకు అంత బలం ఉంది.

ఎక్కడ తప్పుతుంది? పేరు దగ్గర. మహమ్మద్ అనే పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు, పొట్టిగా ఎండీ అని కూడా రాస్తారు. ఇంటిపేరు అనేదే లేని కుటుంబాలు ఎన్నో. బెంగాలీల్లో ఇంట్లో పిలిచే డాక్‌నామ్ వేరు, బడిలో రాయించే భాలోనామ్ వేరు. తల్లి వెతుకుతూ చెప్పేది మొదటిది, ఆఫీసు రికార్డులో ఉండేది రెండోది. మనకూ ఉన్న బాధే ఇది. మన ఇంటిపేరు ఒక చోట ముందు అక్షరంగా, ఒక చోట పూర్తిగా, ఇంకో చోట చివర్న పడితే ఒకే మనిషికి మూడు దస్త్రాలు తయారవుతాయి. అందుకే వెతుకులాట ఫారంలో పేరు ఒక్కటే నమ్ముకోకుండా తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, ఠాణా, జిల్లా, సైనికుడైతే యూనిట్, చివరిగా చూసిన తేదీ రాయించుకోవాలి. పలికిన తీరును ఇంగ్లీషులో రాసుకోవడమే కాకుండా సొంత లిపిలో కూడా ఒకసారి రాయించుకోవాలి. ఈ చివరి పని ఐదు నిమిషాలది. అది చేయనందువల్ల ఏళ్ల తరబడి దొరకనివాళ్లున్నారు.

తర్వాత ఉత్తరాలు. నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కు ఉంది, తపాలా ఖర్చు ఉండదు. యుద్ధంతో భారత్, పాకిస్తాన్ మధ్య తపాలా తెగిపోయింది, 1974 దాకా తిరిగి మొదలవలేదు. కాబట్టి ఉత్తరం శిబిరంలో తనిఖీ అయి, రెడ్‌క్రాస్ చేతికి వెళ్లి, అవతలి దేశంలో మళ్లీ తనిఖీ అయి ఇల్లు చేరాలి. నెలవారీ చేతిఖర్చు కూడా ఒడంబడికలో స్విస్ ఫ్రాంకుల్లో రాసి ఉంది: సార్జెంటు కన్నా కిందివాళ్లకు 8, సార్జెంట్లకు 12, మేజరు కన్నా కింది అధికారులకు 50, మేజరు నుంచి కల్నల్ దాకా 60, జనరళ్లకు 75. శిబిరం కొట్లో పొగాకు, రాసుకునే కాగితం లాంటివి కొనుక్కునేది ఆ డబ్బుతోనే.

ఇక మీ అసలు ప్రశ్న, ఎందుకు అంత ఆలస్యం. రైళ్లు లేక కాదు. మీరట్, ఆగ్రా, జబల్‌పూర్, రాంచీ శిబిరాల నుంచి వాఘాకు రైలు ఎంతసేపు? 118వ అధికరణం చూస్తే, చురుకైన పోరాటం ఆగగానే ఆలస్యం లేకుండా విడిచిపెట్టాలని ఉంది. భారత్ వాదన ఏమిటంటే, వీళ్లు లొంగింది భారత్, బంగ్లాదేశ్ ఉమ్మడి దళానికి, కాబట్టి ఢాకా ఒప్పుకోకుండా వదలలేం. ఢాకా వీళ్లలో 195 మందిని యుద్ధనేరాల కింద విచారిస్తానంది. పాకిస్తాన్ అసలు బంగ్లాదేశ్‌ను దేశంగా గుర్తించనే లేదు, గుర్తించని ప్రభుత్వంతో బల్లకు ఎదురుగా కూర్చోదు. మరోవైపు పశ్చిమాన చిక్కుకున్న లక్షలాది బెంగాలీలు, సైనికులూ గుమస్తాలూ వాళ్ల కుటుంబాలూ, పాకిస్తాన్ చేతిలో ఉన్నారు. 1972 జులై 2 నాటి సిమ్లా ఒప్పందం ఈ ముడిని తర్వాతకు వాయిదా వేసింది. పశ్చిమ సరిహద్దులో పట్టుబడినవాళ్ల విషయంలో మూడో దేశం జోక్యం లేదు గనక వాళ్లు 1972 డిసెంబరులోనే వాఘా దగ్గర మారిపోయారు. మనవైపు వచ్చింది 600 పైచిలుకు. అదే సైన్యాలు, అదే గేటు. తేడా ఒక్క గుర్తింపు దగ్గరే ఉంది.

1973 ఆగస్టు 28న ఢిల్లీ ఒప్పందం కుదిరింది. ఖైదీలు పాకిస్తాన్‌కు, పాకిస్తాన్‌లోని బెంగాలీలు బంగ్లాదేశ్‌కు, బంగ్లాదేశ్‌లోని పాకిస్తానీలు పాకిస్తాన్‌కు, మూడూ ఒకేసారి కదలాలి. 195 మందిని మాత్రం ఆపారు. 1974 ఫిబ్రవరి 22న పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది, ఏప్రిల్ 9న ముగ్గురూ ఢిల్లీలో సంతకాలు చేశారు, ఆ 195 మంది కూడా వెళ్లారు. ఏప్రిల్ 30తో చివరివాళ్లు వాఘా దాటారు.

ఒక పక్క మాట. ఖైదీని ఇంటికి పంపే ముందు విడిగా కూర్చోబెట్టి "వెళ్లడం నీకు ఇష్టమేనా" అని అడగాలన్న పట్టుదల కొరియా యుద్ధం నుంచి బలపడింది. అక్కడ తిరిగి వెళ్లబోమని చెప్పిన సుమారు 22 వేల మందిని 1953-54లో కాపలా కాసింది మన సైనికులే. ఆ పని చూసిన తటస్థ దేశాల సంఘానికి అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య.

---

రన్‌వే రాశారు:

ఢిల్లీ ఒప్పందంలో పైవారు చెప్పిన మూడు తరలింపుల్లో రెండు గాలి మీదివి, వాటి గురించి కొంచెం. ఖైదీలు రైళ్లలో వెళ్లారు. పౌరుల్ని కరాచీ, లాహోర్, ఢాకాల మధ్య విమానాల్లో చేరవేసింది యూఎన్‌హెచ్‌సీఆర్. 1973 సెప్టెంబరు 19న మొదలై 1974 జులైకి ముగిసింది. విమానాల్లో వెళ్లింది సుమారు 2 లక్షల 31 వేల మంది. పౌరుల కోసం అంతకు ముందు అంత పెద్ద విమాన తరలింపు ప్రపంచంలో జరగలేదు. 150 సీట్ల లెక్కన వేసుకున్నా 1,500 పైచిలుకు ట్రిప్పులు.

ఇది ఖాళీగా తిరగకపోవడమే దీని తెలివి. బెంగాలీలను దించిన విమానంలోనే పాకిస్తాన్ వెళ్లేవాళ్లు ఎక్కాలి. వినడానికి తేలికే, చేయడానికి కాదు. రెండు వైపులా జాబితాలు ఒకే వేగంతో ఆమోదం కావాలి. అటునుంచి 150 పేర్లు సిద్ధమై ఇటునుంచి 60 పేర్లే తేలితే 90 సీట్లు ఖాళీ, అద్దె మాత్రం పూర్తిది. జాబితాలో భర్త పేరుండి భార్య పేరు లేకపోతే ఇద్దరూ ఆగిపోతారు. అందుకే పేర్లు మనిషి లెక్కన కాకుండా ఇంటి లెక్కన పంపాలి, ప్రతి విమానానికీ పది పదిహేను శాతం అదనపు పేర్లు విమానాశ్రయం దగ్గర్లోనే సిద్ధంగా ఉంచుకోవాలి. గర్భిణులు, క్షయ రోగులు, వారం వయసు పిల్లలు చివరి నిమిషంలో ఆగిపోతారు, ఆ సీట్లు నింపేది ఈ అదనపు పేర్లే.

ఆకాశం దారి కూడా దానంతట అది దొరకలేదు. 1971 ఫిబ్రవరి నుంచి భారత్ మీదుగా పాకిస్తాన్ విమానాలు ఎగరడం మీద అప్పట్లో నిషేధం ఉండేది. కరాచీ నుంచి ఢాకాకు మధ్యలో ఉన్నదంతా మన దేశమే.

---

తుంగభద్ర రాశారు:

ఇన్ని వివరాలు ఒక్క చోట ఎక్కడా దొరకలేదు. చివరిగా ఒక్కటి. దస్త్రం గారు మొదట్లో "మూడోవాడికి దిక్కు లేదు" అన్నారు. బంగ్లాదేశ్‌లో ఉర్దూ మాట్లాడే బీహారీల సంగతేనా అది? వాళ్లందరూ విమానాల్లో వెళ్లలేదా?

---

దస్త్రం రాశారు:

అవును, వాళ్లే. అందరూ వెళ్లలేదు. 5 లక్షలకు పైగా జనం పాకిస్తాన్ వెళ్తామని రెడ్‌క్రాస్ దగ్గర పేర్లు రాయించుకున్నారు. పాకిస్తాన్ మాత్రం కొన్ని రకాలవాళ్లనే తీసుకుంటానంది: పశ్చిమాన పుట్టి పెరిగినవాళ్లు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు, రెండు దేశాల్లో చీలిపోయిన కుటుంబాలు. దయనీయ స్థితిలో ఉన్నవాళ్లంటూ పైన 25 వేల మంది. ఆ గీతకు ఇవతల పడినవాళ్లు పాకిస్తాన్ దృష్టిలో తమవాళ్లు కాదు, బంగ్లాదేశ్ దృష్టిలో పాకిస్తాన్ కోరుకున్నవాళ్లు. దేశం దాటలేదు గనక శరణార్థులు కారు, ఆయుధం పట్టి పట్టుబడలేదు గనక ఖైదీలూ కారు. ఫారంలో వాళ్ల కోసం గడి లేదు.

ఢాకా మొహమ్మద్‌పూర్‌లో ఇప్పటికీ ఒక బస్తీని జెనీవా క్యాంప్ అంటారు. అప్పట్లో జెనీవా రెడ్‌క్రాస్ కమిటీ చూసుకున్న శిబిరం అది. ఇంటికి ఒక్క గది, అందులో మూడు తరాలు. 2008 మేలో ఢాకా హైకోర్టు తీర్పు ఇచ్చాక వాళ్లకు బంగ్లాదేశ్ ఓటరు కార్డులు వచ్చాయి. అంటే 1971లో చంకనెక్కి వచ్చిన పిల్లకు పౌరసత్వం తేలేసరికి 37 ఏళ్లు.